నోట్లు మింగే మిషన్లూ, మా మావయ్యా

మంగళగిరి,
నవంబరు.

ఓడలో వంటవాడు, ఒడ్డెక్కితే దొర అయిన పానకాలు మావయ్యకు మేనకోడలు శిల్ప నమస్కారాలు.

నీ మెసేజ్ అందింది. సముద్రంలో నెట్ తూకమేసి ఇస్తున్నారని, బొమ్మలు పంపొద్దని, ఉత్తరంలా రాసి మెయిల్ చెయ్యమని అన్నావు. సరే, రాస్తున్నాను. ఇది నా చేతిరాత కాదు కాబట్టి అర్థం కాలేదని తప్పించుకునే వీలు నీకు లేదు.

నాకు ఉద్యోగం వచ్చింది. అమ్మ అప్పుడే వీధంతా "మా అమ్మాయి ఏటీఎం ఆఫీసులో చేస్తోంది" అని చెప్పుకొచ్చింది. నిన్న పక్కింటి వెంకటేశ్వరమ్మ పిన్ని కార్డు పట్టుకొచ్చి, "నంబరు మర్చిపోయానే, కాస్త చూసి చెప్పు" అంది. మేం చూసే ఏటీఎంలలో ఒక్కటి కూడా మన దేశంలో లేదంటే, "మరి ఆఫీసు ఇక్కడెందుకే?" అంది. ఆ ప్రశ్నే మా ఓనరు జయరావు గారిని నేనూ అడిగాను. అద్దె తక్కువన్నారు.

సంగతి ఏమిటంటే, బయటి దేశాల్లో బిట్‌కాయిన్ మిషన్లు ఉంటాయి. చూడ్డానికి మన ఏటీఎంలాగే ఉంటుంది. మనది నోట్లు ఇస్తుంది, అది నోట్లు మింగుతుంది. మింగి, నువ్వు ఫోన్లో ఏ చిరునామా చూపిస్తే ఆ చిరునామాకి అంత విలువ గల బిట్‌కాయిన్ పంపిస్తుంది. కొన్నయితే బిట్‌కాయిన్ తీసుకుని నోట్లు కక్కుతాయి కూడా. ఒకసారి పంపామంటే ఇక వెనక్కి రాదు. వెళ్ళి అరుద్దామన్నా మేనేజరు ఉండడు. ఈ మిషన్లు ఏ దేశంలో, ఏ వీధిలో, ఏ కొట్లో ఉన్నాయో చూపించే మ్యాపు మాది. జనం రోడ్డు మీద నిలబడి అది తెరిచి వెతుక్కుంటారు.

చిక్కేమిటంటే మా మ్యాపులో సగం తప్పులే. ఉన్నదో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం నా పని. మొన్న పోలండులో ఒక కొట్టాయనకి చేస్తే పావుగంట మాట్లాడాడు. మిషన్ గురించి చెప్పాడో, క్యాబేజీ కూర గురించి చెప్పాడో ఇప్పటికీ తేలలేదు. నువ్వు ఎన్నో రేవులు దిగుతావు కదా! ఒక్కో రేవులో ఒక్కో మిషన్ చూసి, చిన్న నోటొకటి వేసి, నేను విడిగా పంపే చిరునామాకి పంపి, పనిచేస్తోందో లేదో రాయి. జీతం అడక్కు.

నీ మేనకోడలు,
శిల్ప


కాన్‌స్టాంట్సా రేవు, రుమేనియా,
డిసెంబరు.

ఏమే శిల్పా,

గోతి మగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చోలేక ఓడెక్కినవాణ్ణి. నన్ను పట్టుకుని మిషన్ల ఇన్‌స్పెక్టర్ని చేశావు. మీ అమ్మ సామ్రాజ్యం చిన్నప్పుడు నాతో నూలు కండెలు చుట్టించేది. ఆ పోలిక ఎక్కడికి పోతుంది!

మీ మ్యాపు పట్టుకుని చలిలో వణుకుతూ వెళితే అది పూల కొట్టు. లోపల ఒక లావుపాటి ఆవిడ. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు ఆవిడ భాష రాదు. నోట్లు పెడుతున్నట్టూ, పెట్టె మింగుతున్నట్టూ చేతులతో, నోటితో అభినయించి చూపించాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు ఇచ్చింది. మళ్ళీ అభినయించాను. ఈసారి జాలిపడి సమాధి మీద పెట్టే పూలగుత్తి కట్టి చేతిలో పెట్టింది. డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి గులాబీల బకెట్ల వెనక మిషన్ మినుకుమినుకుమంటూ కనిపించింది.

దానికి ముందు నా ఫోన్ నంబరు కావాలి. తర్వాత నంబరుకి వచ్చిన కోడ్ కావాలి. ఆ తర్వాత నా మొహం కావాలి. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంత పరీక్షగా చూడలేదు. అన్నీ అయ్యాక నోటు మింగి, అందులో అయిదో వంతు కమీషన్ కింద నొక్కేసి, మిగతాది నువ్వు పంపిన చిరునామాకి పంపానంది. అందిందా? అందకపోతే నేను చేయగలిగింది లేదు. నువ్వే చెప్పావుగా, అరవడానికి మనిషి ఉండడని.

పూలు ఓడలో భోజనాల బల్ల మీద పెడితే ఎవరు పోయారని అందరూ నన్ను పరామర్శించారు. వచ్చే నెల ఆస్ట్రేలియా వైపు, ఫ్రీమాంటిల్‌కి పోతాం.

మీ మావయ్య,
పానకాలు


మంగళగిరి,
జనవరి.

మావయ్యా,

అందింది. మ్యాపులో "గులాబీ బకెట్ల వెనక చూడండి" అని కూడా రాశాను. జయరావు గారు మెచ్చుకున్నారు. జీతం పెంచలేదు.

ఈసారి నవ్వించే సంగతి లేదు. మా మ్యాపులో ప్రతి మిషన్ కింద ఒక కంప్లయింట్ బాక్స్ ఉంటుంది. నోటు ఇరుక్కుందనో, తెర వెలగట్లేదనో రాస్తుంటారు. మొన్న ఒకామె ఇలా రాసింది: "మా నాన్నకి ఎవడో ఫోన్ చేసి, మీ ఖాతా ప్రమాదంలో ఉంది, డబ్బంతా తీసి ఈ మిషన్లో వేస్తే భద్రంగా ఉంటుందన్నాడు. ఆయన వేసేశాడు. అది వెళ్ళింది దొంగల చిరునామాకి. ఈ మిషన్ ఎక్కడుందో మా నాన్నకి వాడే ఫోన్లో చెప్పాడు." వెనక్కి వెళ్ళి పాతవి తిరగేస్తే అలాంటివి చాలా ఉన్నాయి.

జయరావు గారికి చూపించాను. "అది మిషన్లో సమస్య కాదమ్మా, మనిషిలో సమస్య. తీసెయ్" అన్నారు. ప్రతి పేజీ మీదా ఒక హెచ్చరిక పెడదామన్నాను. "మనకి ప్రకటనలిచ్చేదే ఆ మిషన్ల వాళ్ళు. అన్నం పెట్టే చేతిని కరుస్తామా?" అన్నారు. సరేనని వచ్చి కూర్చున్నాను.

ఫ్రీమాంటిల్‌లో బస్ స్టాపు ఎదుట చిన్న సూపర్‌మార్కెట్ ఉంది. వీలైతే అక్కడి మిషన్ చూడు. చూడకపోయినా ఫరవాలేదు.

శిల్ప


ఫ్రీమాంటిల్, ఆస్ట్రేలియా,
ఫిబ్రవరి.

శిల్పమ్మా,

కూర్చుని చదువు. చూడకపోయినా ఫరవాలేదన్నావు. చూశాను.

పళ్ళ బుట్టల పక్కన ఉంది మిషన్. నా ముందు ఒక పెద్దావిడ. తెల్ల జుట్టు, పూల గౌను, మోచేతికి వేలాడుతున్న సంచి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలని ఫోన్‌ని స్పీకర్లో పెట్టి మిషన్ మీద ఉంచింది. ఇక్కడి నోట్లు ప్లాస్టిక్‌వి. ఆవిడ పెడుతుంటే మిషన్ కక్కుతోంది, పెడుతుంటే కక్కుతోంది. ఫోన్లోంచి ఎవడో తేనె పూసిన ఇంగ్లీషులో "నిదానంగా మేడమ్, కంగారు లేదు మేడమ్" అంటున్నాడు. ఇంకాస్తయితే నేనే ముందుకు వెళ్ళి నోటు సరిచేసి పెట్టేవాణ్ణి.

అంతలో మిషన్ మళ్ళీ కక్కింది. ఫోన్లోంచి సన్నగా, పళ్ళు కొరుకుతూ వినిపించింది:

"దీని మొహం మండ! నోటు పెట్టడం కూడా రాదేంట్రా బాబూ ఈ ముసల్దానికి!"

తెలుగు! ఆ ఊళ్ళో, ఆ కొట్లో! నాకు ఒక్కసారిగా గుంటూరు బస్టాండులో నిలబడ్డట్టయింది. ఆగలేకపోయాను.

"ఎవడ్రా అది? పెద్దావిణ్ణి పట్టుకుని ముసల్దంటావా?"

పెట్టేశాడనుకున్నాను. తర్వాత అదే తేనె గొంతు, అదే రాగం, కానీ తెలుగులో.

"మేడమ్, దయచేసి ఫోన్ పెట్టేయొద్దు మేడమ్. నా వెనక సూపర్‌వైజరున్నాడు మేడమ్. వాడికి తెలుగు రాదు మేడమ్. నా గొంతు మారితే కరెంటు పెడతాడు మేడమ్."

"నేను మేడమ్‌ని కాదురా, వంటవాణ్ణి."

"ఎవరైనా సరే మేడమ్. నా పేరు తోమా మేడమ్. మాది కనిగిరి దగ్గర మేడమ్. డేటా ఎంట్రీ ఉద్యోగమని థాయ్‌లాండ్ తీసుకొచ్చి, వ్యానెక్కించి, నది దాటించి, పాస్‌పోర్టు లాక్కుని ఇక్కడ పడేశారు మేడమ్. బయటికి పోనివ్వరు మేడమ్."

"ఏ ఊర్రా అది?"

"పేరు చెప్పరు మేడమ్. చుట్టూ గోడ, గోడ మీద తుపాకులు మేడమ్."

పెద్దావిడ నావంకా ఫోన్‌వంకా మార్చి మార్చి చూస్తోంది. నేను ఆవిడ చేతిలో నోటు పట్టుకుని ఆపాను. "మరి ఈవిడ డబ్బు సంగతేంట్రా?" అన్నాను.

"వేయించకపోతే ఈ రాత్రికి నాకు అన్నం పెట్టరు మేడమ్." మళ్ళీ వాడే అన్నాడు: "ఆవిణ్ణి ఇంటికి పంపేయండి మేడమ్."

మనుషుల్ని ఈ మిషన్ల దాకా ఎలా తోలుతున్నారని అడిగాను. ముందర ఒక మ్యాపు ఉంటుందట, దాన్ని చూసే దారి చెబుతారట. మ్యాపు పేరు చెప్పాడు. మీదే, శిల్పా.

"ఒరేయ్ తోమా, ఆ మ్యాపులో మిషన్ కింద కంప్లయింట్ బాక్స్ ఉంటుంది. అందులో రాయి. అవతల చదివేది నా మేనకోడలు" అన్నాను. "థాంక్యూ మేడమ్, హావ్ ఎ నైస్ డే మేడమ్" అన్నాడు. ఫోన్ కట్టయింది.

తర్వాత అసలు యుద్ధం. ఆ పెద్దావిడ పేరు డొరతీ. ఆమె దృష్టిలో ఫోన్లో వాడు బ్యాంకు ఆఫీసరు, నేను సంచి లాక్కోవడానికొచ్చిన దొంగ. పోలీసుల్ని పిలుస్తానంది. పిలవమన్నాను. పిలిచింది. వాళ్ళొచ్చి నేను చెప్పిందే చెబితే అప్పుడు కుర్చీలో కూలబడింది. నేను వెళ్ళేలోపే మిషన్ మింగినవి పోయాయి. మిగతాది సంచిలోనే ఉంది. వెళ్తూ వెళ్తూ, "ఆ అబ్బాయి నీకేమవుతాడు?" అని అడిగింది. ఏమవుతాడని చెప్పను?

నేను సమయానికే ఓడ చేరాను. కంగారుపడకు.

మావయ్య


గుంటూరు,
మార్చి.

మావయ్యా,

రాశాడు. ఫ్రీమాంటిల్ మిషన్ కిందే రాశాడు. సమస్య: నోటు ఇరుక్కుంది. వివరం: "అక్కా, నేను తోమాని." తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. సూపర్‌వైజరు అటు తిరిగినప్పుడల్లా ఒక ముక్క. ఒకసారి టొరంటోలో మిషన్ కింద, ఒకసారి వార్సాలో మిషన్ కింద. ప్రపంచమంతా తిరిగి వాడి మాటలు ఏరుకుంటున్నాను.

కిటికీలోంచి ఏం కనబడుతోందని వాడు రాసినదాని కిందే జవాబు రాసి అడిగాను. నది వంపు, అవతల ఒడ్డున బంగారు రంగు గోపురం, ఇవతల నీలం అద్దాల మేడ, దాని మీద విరిగిన ఎర్ర అక్షరాల బోర్డు అన్నాడు. క్యాబేజీ కూర కబుర్లలోంచి మిషన్ని వెతికినదాన్ని, గోపురం వెతకలేనా? ఉపగ్రహం తీసిన ఫొటోల మీద ఆ నది పొడుగునా వెళ్ళాను. దొరికింది, మావయ్యా. వాడున్నది బర్మా వైపు ఒడ్డు.

వాళ్ళమ్మ పేరు జయకుమారి. సీజన్లో కనిగిరి నుంచి గుంటూరొచ్చి మిరపకాయల తొడాలు తీస్తుందని రాస్తే వెతుక్కుంటూ వచ్చాను. కోల్డ్ స్టోరేజీ దగ్గర ఎర్రగా కొండల్లా పోసిన కాయల మధ్య ఆడవాళ్ళు బారుగా కూర్చున్నారు. ఘాటుకి అందరూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నారు. ఎవరికి ఏ కబురొచ్చిందో పోల్చుకునే వీల్లేదు. నేనయితే పేరు అడగబోయి తుమ్ములు మొదలుపెట్టాను. ఒకామె నా ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టి, "ఎవరు కావాలమ్మా?" అంది. ఆమే జయకుమారి.

"మావాడు థాయ్‌లాండ్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడమ్మా, ఏసీలో" అంది గొప్పగా. నేను చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు. కాయ తీసి, తొడిమ తుంచి, పక్కన వేసి, మళ్ళీ కాయ తీసింది.

"తింటున్నాడా?" అంది.

"పెట్టినప్పుడు."

"ఎవర్నన్నా మోసం చేశాడా?"

వాళ్ళే బలవంతంగా చేయిస్తున్నారని చెప్పబోయాను. "చేశాడా లేదా?" అని మళ్ళీ అడిగింది. చేశాడన్నాను.

అప్పుడు లేచింది. ఒళ్ళో కాయలు దులుపుకుంది. "పద, పోలీస్ స్టేషన్ ఎక్కడో చూపించు. వాణ్ణి రానీ. ముందు కొడతాను, తర్వాత అన్నం పెడతాను."

ఫిర్యాదు ఇచ్చాం. కనిగిరిలో వాణ్ణి పంపించిన ఏజెంటు పేరు కూడా ఇచ్చాం. తోమా రాసినవీ, గోపురం ఫొటోలూ అన్నీ జతచేశాను. రాయబార కార్యాలయానికి వెళతాయన్నారు. ఆఫీసు పనుల మధ్య వీలు చూసుకుని తిరుగుతున్నాను.

శిల్ప


హిందూ మహాసముద్రం,
ఏప్రిల్.

ఏమే,

ఆఫీసు పనుల మధ్య గుంటూరు మిరపకాయల్లో వీలు దొరికిందా? పప్పులో ఉప్పెంతుందో వాసన చూసి చెప్పేవాణ్ణి నేను. ఉద్యోగం ఉందా, ఊడిందా?

నేనూ దాచానులే. ఆ రోజు నేను ఓడ చేరేసరికి అందరూ నాకోసం ఎదురుచూస్తున్నారు. వంటవాడు లేకుండా ఓడ కదలదుగా! కెప్టెన్ నా తల వాచేట్టు చివాట్లు పెట్టి, మూడు రేవులదాకా ఒడ్డు దిగొద్దన్నాడు. కాబట్టి నీ ఇన్‌స్పెక్టరు సస్పెండయ్యాడు. ఇప్పుడు నీ వంతు. చెప్పు.

పానకాలు


మంగళగిరి,
మే.

మావయ్యా,

ఊడింది. జనవరిలోనే ఊడింది.

సరేనని వచ్చి కూర్చున్నానని రాశాను కదా! కూర్చుని, ప్రతి మిషన్ పేజీ మీదా ఎర్రక్షరాలతో పెట్టేశాను: "ఎవరైనా ఫోన్ చేసి మిమ్మల్ని ఇక్కడికి పంపితే వాడు దొంగ. ఫోన్ పెట్టేసి ఇంటికి వెళ్ళండి." తెల్లారేసరికి ప్రకటనల వాళ్ళు జయరావు గారిని ఉతికారు. ఆయన నన్ను పొమ్మన్నారు. తమాషా ఏంటంటే ఆ అక్షరాలు తీసేయడం ఆయనకి రాదు. కంప్లయింట్లు నా మెయిల్‌కి రాకుండా ఆపడమూ రాదు. ఆ పని తెలిసింది నాకొక్కదానికే.

పోయిన నెల తోమా నుంచి రాతలు ఆగిపోయాయి. అన్ని దేశాల మిషన్ల కిందా వెతికాను. నిజంగా ఇరుక్కున్న నోట్లే తప్ప ఇంకేం లేవు. జయకుమారి గారు ఫోన్ చేసి "ఏమన్నా రాశాడా?" అంటే రాశాడని అబద్ధం చెప్పాను. వరసగా చెప్పాను.

అప్పుడొచ్చారు జయరావు గారు మా ఇంటికి. అమ్మ మగ్గం మీంచి లేవకుండానే, "మా పిల్లని తీసేసి మళ్ళీ ఏ మొహంతో వచ్చారండీ?" అంది. ఆయన నిలబడే ఉన్నారు. "ఆ అబ్బాయి రాసినవన్నీ నాకూ వచ్చాయమ్మా. మొదట అర్థం కాని చెత్త అనుకున్నాను. నిన్న బయటికి చదువుకుంటే తెలుగు. మన మ్యాపు చూసేనా ఇదంతా చేయించారు?" అన్నారు. అవునన్నాను. మజ్జిగ ఇస్తే తాగలేదు.

మర్నాడు మాతో స్టేషన్‌కి వచ్చారు. చొక్కా టక్ చేసుకుని, ఫైలు పట్టుకుని. ఎస్సై గారు చూడగానే "ఏజెంటు దొరికాడా?" అని ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. మేం చెప్పేదాకా ఒక గంట అక్కడే కూర్చున్నారు. నేను వెంటనే చెప్పకపోవడం నిజమే.

అమ్మ కొండ మీది స్వామికి పానకం మొక్కింది. జయకుమారి గారు ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. ఎవరు విన్నా సరే.

శిల్ప


డర్బన్ రేవు,
జూన్.

శిల్పమ్మా,

మొక్కులో నా పేరు కూడా కలపమను, ఖర్చు నాది.

డొరతీ మెయిల్ రాసింది. పోలీసుల దగ్గర నా చిరునామా తీసుకుందట. ఆ రోజు తోమా నాతో అన్న మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పమంది. చెప్పాను. మొదట బాగా తిట్టింది, వాణ్ణీ నన్నూ కలిపి. తర్వాత ఇంకో మెయిల్ వచ్చింది, ఒకే ఒక్క వాక్యం: "ఆ రాత్రి ఆ అబ్బాయికి అన్నం పెట్టారా?"

నాకు తెలియదని రాశాను. ఏదైనా తెలిస్తే చెప్పు.

మావయ్య


మంగళగిరి,
ఆగస్టు.

మావయ్యా,

వచ్చాడు!

బర్మా సైనికులు ఆ మేడల మీద దాడి చేసి, ఉన్నవాళ్ళందర్నీ నది దాటించారు. మన రాయబార కార్యాలయం వాళ్ళ చేతిలో అప్పటికే తోమా పేరూ ఫొటోలూ ఉన్నాయి. ఢిల్లీ దాకా విమానం, అక్కడి నుంచి రైలు. విజయవాడ స్టేషన్లో దిగినవాణ్ణి చూసి వీడేనా అనుకున్నాను. ఆ తేనె గొంతుకి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. బక్కగా, చొక్కాలో ఇంకో ఇద్దరు పట్టేట్టు ఉన్నాడు.

జయకుమారి గారు అన్నమాట ప్రకారం చెయ్యెత్తి చెంప మీద ఒక్కటిచ్చారు. టీసీ కూడా ఆగి చూశాడు. తర్వాత ప్లాట్‌ఫారం మీదే క్యారేజీ విప్పి, తనే కలిపి, ముద్దలు చేతిలో పెట్టారు. తోమా తింటూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. "కారం ఎక్కువైందా?" అని మాత్రం అడిగారు. అమ్మ పానకం తాగించింది, పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఎవరికి వాళ్ళు తమ దేవుడే తెచ్చాడంటున్నారు. నేను మధ్యలో దూరలేదు.

డొరతీ గారి ప్రశ్న అడిగాను. "పెట్టలేదక్కా. కానీ ఆవిడతో పెట్టారని చెప్పండి" అన్నాడు. అలాగే చెప్పు మావయ్యా. ఈ ఒక్క అబద్ధానికీ నాది పూచీ.

ఏజెంటు దొరికాడు. తోమా వారం వారం వచ్చి పోలీసులకి చెప్పాల్సినవి చెప్పి వెళ్తున్నాడు. ఫోన్ మాత్రం ముట్టడు. ఎవరిదైనా మోగితే లేచి బయటికి పోతాడు. ఒకరోజు, "ఎంతమందితో వేయించానో గుర్తులేదక్కా. గొంతులు మాత్రం గుర్తున్నాయి" అన్నాడు.

నన్ను మళ్ళీ పనిలో పెట్టుకున్నారు. ప్రకటనలు సగం పోయాయి, జయరావు గారు ఏసీ ఆపేసి ఫ్యాన్ కింద కూర్చుంటున్నారు. ఎర్రక్షరాల కింద ఇప్పుడు మా ఆఫీసు నంబరు కూడా ఉంది: "అనుమానముంటే అడగండి." అడుగుతున్నారు. నా ఇంగ్లీషుకి సగం మంది పెట్టేస్తున్నారు.

నిన్న నేను ఆఫీసు లోపలి గదిలో అన్నం తింటున్నాను. స్టేషన్‌కి వెళ్ళొచ్చిన తోమా ముందు గదిలో కూర్చున్నాడు. ఫోన్ మోగింది. నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి వాడే ఫోన్ ఎత్తేశాడు. అదే గొంతు, నువ్వు రాసిన తేనె గొంతు. కెనడాలో ఎవరో ఒకామె మిషన్ ముందు నిలబడి ఉందట. "మేడమ్, మిమ్మల్ని పంపినవాడు బ్యాంకు మనిషి కాదు మేడమ్. నోట్లు సంచిలో పెట్టుకోండి మేడమ్" అంటున్నాడు.

అటునుంచి ఆమె అరుపులు నాదాకా వినిపించాయి. నీ గొంతు కూడా అచ్చం వాడి గొంతులాగే ఉంది, మీరంతా ఒకే ముఠా, దొంగ వెధవల్లారా అని దులిపేస్తోంది. తోమా ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుని విన్నాడు. "అవును మేడమ్. తిట్టండి మేడమ్. ఇంటికి నడుస్తూ తిట్టండి మేడమ్" అన్నాడు. ఆమె తిట్టీ తిట్టీ పెట్టేసింది.

"ఏమందిరా?" అన్నాను.

"నన్ను దొంగ అందక్కా." మొహం తుడుచుకున్నాడు. "డబ్బు వెయ్యలేదు. బస్సెక్కేసింది, తలుపు మూసిన చప్పుడు విన్నాను."

కుర్చీ ఫోన్ పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. "నువ్వెళ్ళి తినక్కా. ఇంకోటొస్తే నేను తీస్తాలే."

శిల్ప